సొంత ఫోటోలతో చీరల వ్యాపారం: అంచు చిల్లులు చేసిన మేలు

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఎలా పెట్టాలో, ధర ఎక్కడ రాయాలో చెప్పే వీడియోలు కొల్లలుగా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. ఇంటి నుంచి మంగళగిరి చీరలు అమ్ముతూ కొన్నేళ్లుగా నేను తీసిన ఫోటోలే పెడుతున్నాను. అందులో నేను మురిసిపోయేది ఒక్కదాని గురించే: దగ్గరగా తీసిన అంచు ఫోటో.

అంతకుముందు టోకు వ్యాపారి పంపిన బొమ్మలు వాడేదాన్ని. మోడల్ అమ్మాయి, వెనక కోట గోడ. అదే బొమ్మ పది గ్రూపుల్లో పది ధరలకు తిరిగేది. అడిగేవాళ్లు కూడా ధర తప్ప ఇంకేమీ అడిగేవారు కాదు.

బాల్కనీలో చీర పరిచి నిజాం అంచును (మంగళగిరి చీరలకు జరీతో నేసే ఒక రకం అంచు) దగ్గరగా తీసి స్టేటస్‌లో పెట్టిన రోజున, విశాఖపట్నం నుంచి ఒకావిడ రాశారు: "అంచు పొడవునా సూది చిల్లులు కనిపిస్తున్నాయండీ. ఫాల్ కుట్టి విప్పేసిన చీరా?"

మాటల్లో చెబితే సాకులా ఉంటుంది. అందుకే నాకు చీరలు నేసి ఇచ్చే బాబాయికి ఫోన్ చేశాను. ఆయన గుంట మగ్గం మీద కూర్చుని, నేసిన బట్ట లోపలికి ముడుచుకోకుండా అంచు నుంచి అంచుకు అడ్డంగా బిగించే కర్రను తీసి, కాస్త ముందుకు జరిపి మళ్లీ గుచ్చారు. కర్ర రెండు కొనలకూ సూదులుంటాయి. అవి దిగిన చోటే ఆ చిల్లులు. వాళ్ల మనవడు ఫోనులో తీశాడు. చెయ్యి వణికింది, మధ్యలో కుక్కర్ కూత కూడా వినిపిస్తుంది. దేన్నీ కత్తిరించకుండా పంపాను. ఆవిడ రెండు చీరలు తీసుకున్నారు. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి ఆ వీడియో దాచుకుని, ఈ చిల్లులుంటే చేనేతేనని చెబుతూ అనుమానపడిన వాళ్లందరికీ పంపుతూ వచ్చాను. ఇప్పుడు కొత్తవాళ్లు సైతం "ముందు చిల్లులు చూపించండి" అంటున్నారు!

అయితే ఆ చిల్లులుంటే చేనేతేనని అప్పట్లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను. మరమగ్గాల మీదా అంచును లాగి పట్టే పళ్ల చక్రాలుంటాయి, అవీ గుర్తులు వదలవచ్చు. అందుకే చేత్తో నేసిన బట్ట అని చెప్పే, 2006లో వచ్చిన చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) లేబుల్ చీరకు ఉంటే దాన్నీ ఫోటో తీస్తున్నాను.

రంగు దగ్గర మాత్రం సొంత ఫోటోను నేనే పూర్తిగా నమ్మను. వంకాయ రంగు నా ఫోనులో నీలం వైపు జారుతుంది, ట్యూబులైటు కింద అయితే మరీను. నీడపట్టున పగటి వెలుగులో జాగ్రత్తగా తీసినా, అవతలివాళ్ల తెర దాన్ని ఎలా చూపిస్తుందో నా చేతిలో లేదు. పెళ్లికి జత కుదరాలనేవాళ్లకు ఫోటోతో పాటు నూలు పోగు కొరియర్‌లో పంపుతాను. ఖర్చే, కానీ చీర వెనక్కి రావడం కంటే నయం.

నా దగ్గరకు వచ్చే సరుకు తక్కువ, పగలు ఇంట్లోనే ఉంటాను, బాల్కనీ ఉంది. అందుకే ఇదంతా సాగుతోంది. హైదరాబాద్‌లో రెడీమేడ్ కొట్టు నడిపే మా అక్క ఇప్పటికీ కంపెనీ ఫోటోలే పెడుతుంది. రోజూ కట్టలు కట్టలుగా దిగే సరుకుకు అదే కుదురుతుందంటుంది. మార్చమని నేనూ పట్టుబట్టలేదు.