టర్బో బండికి వైడ్‌బ్యాండ్ గేజ్: ఏళ్ల తరబడి వాడాక

భీమవరం చుట్టుపక్కల టర్బో పెట్రోల్ బండి ట్యూన్ చేయించుకున్న కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "వైడ్‌బ్యాండ్ గేజ్ కొనొచ్చా అన్నా?" కొనొచ్చు. పొగగొట్టంలోని ఆక్సిజన్‌ని బట్టి మిక్స్చర్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువ) ఉందో లీన్‌గా (గాలి ఎక్కువ) ఉందో అది చెబుతుంది. ఎందుకలా ఉందో మాత్రం చెప్పదు. ఆ ఎందుకు దొరక్కముందే మ్యాపు (ఎప్పుడెంత పెట్రోలు పడాలో బండి కంప్యూటర్‌లో ఉండే పట్టిక) మార్చేస్తే డబ్బులు దండగ, ఒక్కోసారి పిస్టన్లు కూడా.

నాది పోర్ట్ ఇంజెక్షన్ ఉన్న టర్బో సెడాన్. గేజ్‌తో వచ్చింది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్. బండితో వచ్చిన నారోబ్యాండ్ సెన్సర్‌కి ల్యాంబ్డా 1 కి (గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే పాళ్లు; తగ్గితే రిచ్, పెరిగితే లీన్) అటా ఇటా అన్నదే తెలుస్తుంది. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా తోస్తున్నప్పుడు, మనం చూసుకోవాల్సింది 0.78 నుంచి 0.85 దాకా. అక్కడ దానికి చూపు ఆనదు.

కొన్నాక ముందు డిస్‌ప్లేని ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) నుంచి ల్యాంబ్డాకి మార్చండి. గేజ్ కొలిచేది ల్యాంబ్డానే, దాన్ని 14.7 తో గుణించి చూపిస్తుంది. 14.7 అనేది ఇథనాల్ కలవని పెట్రోలు లెక్క. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అది దాదాపు 13.5. ల్యాంబ్డాలో చూస్తే ఏ పెట్రోలుకైనా 1 అంటే 1. ఈ10 రోజుల్లో చేసిన మ్యాపు మీద ఈ20 పోస్తే బూస్ట్‌లో మూడు నాలుగు శాతం లీన్ అయ్యే అవకాశం ఉంది. లోపమేదో వెతికే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన డెల్టాలో ఇంకో చిక్కు, నేలంతా బల్లపరుపు. ఇంజన్‌కి గట్టి లోడు పడాలంటే తెల్లవారుజామున తణుకు దగ్గర హైవే ఎక్కి మూడో గేరులో లాగాలి, పక్కన ఒకరు కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకోవాలి. అదీ కొన్ని సెకన్లే. వేడెక్కాక బయటపడే లోపాలు పట్టుకోవాలంటే మారేడుమిల్లి ఘాట్ దాకా పోవాల్సిందే.

గేజ్ నాకు బాగా పనికొచ్చిన సందర్భం చెబుతాను. 4500 ఆర్పీఎం దాకా 0.82 దగ్గర నిలబడే బండి, ఆ పైన 0.9 దాటడం మొదలుపెట్టింది. కింద బాగుండి పైన మాత్రమే లీన్ అవుతోందంటే ముందు అనుమానించాల్సింది పెట్రోలు సరఫరానే. మ్యాపులో కాస్త పెంచితే నంబరు సరిపోయేదేమో, జబ్బు మాత్రం లోపలే ఉండేది. ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ తగిలించాం. నా బండిలో రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి గొట్టం ఉంది కాబట్టి బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ప్రెషరూ అంతే పెరగాలి. పెరుగుతూ పెరుగుతూ మధ్యలో జారిపోతోంది. ఫిల్టర్ మార్చినా అంతే. చివరికి పంపు దగ్గర మల్టీమీటర్ పెడితే లోడులో వోల్టేజ్ పడిపోతోంది. ఎర్త్ వైరు చివర పచ్చగా చిలుము! నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగే బండికి ఇది వింతేం కాదు. గీకి కొత్త లగ్గు వేశాక పాత మ్యాపుతోనే 0.82 కి వచ్చింది.

బూస్ట్ లీకు కథ వేరు. మా బావ బండిలో గాలిని కొలిచేది మాఫ్ సెన్సర్. ఇంటర్‌కూలర్ హోసు క్లిప్పు వదులైతే కొలిచిన గాలి బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం కొలత ప్రకారమే పడుతుంది. అందుకే బూస్ట్‌లో రిచ్, నల్ల పొగ. నా బండిలో ఉన్నది మ్యాప్ సెన్సర్ (పైన చెప్పిన మ్యాపు వేరు, ఇది వేరు), మానిఫోల్డ్‌లో ఉన్న ప్రెషరే చూస్తుంది. అదే లీకు ఇక్కడ మిక్స్చర్‌ని పెద్దగా కదిలించదు, టర్బోనే అదనంగా కష్టపడుతుంది. పైపుల్లోకి తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టి సబ్బునీళ్లు చల్లితే లీకు ఏ బండిలోనైనా దొరుకుతుంది.

గేజ్ నిలువునా ముంచేది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట అంటుకోకపోవడం) దగ్గర. మండని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సర్ లెక్కపెట్టేది ఆక్సిజన్‌నే కాబట్టి లీన్ అని చూపిస్తుంది. అది నమ్మి పెట్రోలు పెంచితే తన్నుడు ఇంకా ఎక్కువవుతుంది. బూస్ట్ పెంచిన బండిలో ప్లగ్ గ్యాప్ ఎక్కువగా ఉంటే జరిగేది ఇదే. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ గొట్టం కీళ్లలో లీకున్నా ఇలాగే దొంగ లీన్ వస్తుంది, ముఖ్యంగా ఐడిల్‌లో. అందుకే నేను ప్లగ్గులు విప్పి చూడటం మానలేదు.

కొనేవాళ్లకు ఇంకొంచెం. సెన్సర్ అరిగిపోయే వస్తువే, దాని ఖర్చు ముందే లెక్కేసుకోండి. టర్బో తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, వైరు వచ్చే తల కాస్త పైకి ఉండేలా బిగించాలి. లేకపోతే పైపులో చేరిన నీటి తుంపర వేడి సెరామిక్ మీద పడి అది పగులుతుంది. గేజ్ పీకేసి సెన్సర్‌ని గొట్టంలో వదిలి బండి నడపొద్దు, దాని లోపలి హీటర్ పనిచేయకపోతే మసి పట్టి చస్తుంది. గేజ్ ఎర్త్ వేరే చోట ఇస్తే డిస్‌ప్లేలో ఒక అంకె, ల్యాప్‌టాప్ లాగ్‌లో ఇంకో అంకె వస్తాయి. దీంతో నాకు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

మ్యాపు ముట్టుకోని స్టాక్ బండికి ఇదంతా అక్కర్లేదు. చవక ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ లెక్కలు చదివేది) పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే మిక్స్చర్ సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచిందో (ప్లస్), ఎంత తగ్గించిందో. ఐడిల్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి రేజ్ చేస్తే తగ్గితే వ్యాక్యూమ్ లీకు వెతకండి, లోడు పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే ఫిల్టరూ పంపూ చూపించండి.