టార్ రిలే: ఇంట్లో రెండేళ్లు, క్లౌడ్‌లో మూడేళ్లు

శ్రీకాకుళంలో మా ఇంటి నుంచి రెండేళ్లు, ఆ తరువాత అద్దె క్లౌడ్ సర్వరు మీద మూడేళ్లు టార్ రిలే నడిపాను. ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో బయటపడకుండా దాచే నెట్‌వర్కు టార్; అందులో సమాచారాన్ని అందుకుని ముందుకు పంపే ఒక్కో కంప్యూటరు ఒక రిలే. టార్‌లో మన సమాచారం మామూలుగా మూడు రిలేల మీదుగా సాగుతుంది. మొదటి దానికి మన చిరునామా తెలుస్తుంది, చివరి దానికి మనం వెళ్లే చోటు తెలుస్తుంది, ఈ రెండూ ఒకరి కంట పడకపోవడం మీదే ఆ గోప్యత నిలబడి ఉంది.

ఇంట్లో రిలే అంటే బీరువా మీద ఒక పాత ల్యాప్‌టాప్, స్టాటిక్ ఐపీకి (అంటే మారని ఇంటర్నెట్ చిరునామాకు) నెలనెలా అదనపు రుసుము. వానాకాలంలో కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటూ ఇరవై నిమిషాలు మోసేది గానీ, ఈలోగా వీధి చివర ఫైబర్ పెట్టె ఆరిపోయేది. నిలకడగా నడిచే రిలేలకు మాత్రమే ఇచ్చే గార్డ్ హోదా, అంటే దారిలో మొదటి రిలేగా ఉండే అర్హత, ఒక్కనాడూ దక్కలేదు.

క్లౌడ్‌లో అది కొన్ని వారాలకే వచ్చింది. అయితే మొదట తీసుకున్న కంపెనీ బయటకు వెళ్లే డేటాకు గిగాబైటు లెక్కన వసూలు చేసేది. సెకనుకు 10 మెగాబిట్లతో ఆగకుండా నడిస్తే ఒక దిశలోనే నెలకు 3 టెరాబైట్లు దాటుతుందని బిల్లు చూశాకే లెక్క వేసుకున్నాను (ముందే వేసుకోవలసింది). తరువాత డేటా పరిమితి లేని చవక సర్వరుకు, అంటే నాలాంటి వాళ్లందరూ చేరే చోటికే, మారాను.

అసలు చిక్కు అదే. ఐపీ చిరునామాలో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి రెండూ ఒకటే అయిన రిలేలను టార్ ఒకే దారిలో వాడదు. కానీ పెద్ద కంపెనీకి అలాంటి చిరునామా వరుసలు ఎన్నో ఉంటాయి కనుక, మూడింటిలో రెండు రిలేలు ఒకే యజమాని యంత్రాల మీద పడినా ఆ నియమం పట్టుకోలేదు. 2014 డిసెంబరులో కొందరు గూగుల్ క్లౌడ్‌లో కొద్ది గంటల్లోనే వేల రిలేలు నిలబెట్టారు. కొత్త రిలేలకు టార్ వెంటనే ఎక్కువ పని అప్పగించదు కాబట్టి అవి మొత్తం సామర్థ్యంలో ఒక శాతానికి కూడా చేరలేదు. నన్ను కలవరపెట్టేది అలా ఒక్కసారిగా వచ్చిపడే గుంపు కాదు, ఏళ్ల తరబడి నిజాయితీగానే నడుస్తూ ఒకే గొడుగు కింద పోగుపడిన మాలాంటి రిలేలు.

అయినా క్లౌడ్‌ను నిషేధించాలని అనను. నిషేధిస్తే ముందుగా తప్పుకోవలసింది కరెంటు నిలకడ లేని ఊళ్లవారే. ఒక దారిలో ఒక కంపెనీ రిలే ఒక్కటే ఉండాలన్న నియమం పెడితే వేగం కొంత తగ్గినా నాకు సమ్మతమే.

ప్రస్తుతం క్లౌడ్ రిలేను అలాగే ఉంచి, బీరువా మీది ల్యాప్‌టాప్‌లో స్నోఫ్లేక్ (టార్‌ను అడ్డుకునే చోట్ల ఉన్నవాళ్లు టార్‌లోకి చేరడానికి తోడ్పడే చిన్న ప్రోగ్రాము) నడుపుతున్నాను. దానికి స్టాటిక్ ఐపీ అక్కరలేదు, మధ్యలో కరెంటు పోయినా పోగొట్టుకునే హోదా ఏదీ లేదు.