అమ్మతో డిసెంబరు కచేరీలకి: మద్రాసులో ఐదు రోజులు

డిసెంబరులో ఒక్కసారైనా మద్రాసు వెళ్లి కచేరీలు వినాలని అమ్మ ఎన్నేళ్లనించి అంటోందో లెక్క లేదు. పెళ్లికి ముందు ఆరేళ్లు సంగీతం నేర్చుకుంది, ఆ తర్వాత ఇంటి పనుల మధ్య విజయవాడ రేడియోలో భక్తిరంజని వినడమే మిగిలింది. ఇప్పుడు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, ఇంకా ఆలస్యం చేస్తే కుదరదనిపించి ఈసారి డిసెంబరు 20 నుంచి ఐదు రాత్రులకి ప్లాన్ చేశాను. పెద్దవాళ్లని తీసుకుని వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఎక్కడ ఉన్నాం, ఏం బాగుంది, ఎక్కడ ఇబ్బంది పడ్డామన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందుగా, తెలియనివాళ్ల కోసం. మనకి ధనుర్మాసం ఎలాగో తమిళులకి మార్గళి అలాగ. ఆ నెలలో చెన్నైలో కర్ణాటక సంగీతం, నాట్యం తప్ప వేరే లోకం లేదా అన్నట్టు ఉంటుంది. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితోపాటు ఒక సంగీత సమ్మేళనం కూడా పెట్టారు, దాంట్లోంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇప్పుడు ఊరంతా పదుల సంఖ్యలో సభలు, అంటే కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలు. ఉదయం ఎనిమిదింటికి ప్రసంగాలతో మొదలుపెట్టి రాత్రి తొమ్మిది దాటేదాకా ఏదో ఒక హాల్లో ఎవరో పాడుతూనే ఉంటారు. అన్నీ వినాలని పరిగెత్తితే ఏదీ వినలేం, ఈ సంగతి మాకు మొదటి రోజే అర్థమైంది.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. ప్రయాణం సుఖంగానే జరిగింది. ఇబ్బంది బసతో మొదలైంది. టీ నగర్‌లో రోజుకి 1,900 చొప్పున ఒక హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, లిఫ్ట్ ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. తీరా వెళ్తే లిఫ్ట్ రిపేరులో ఉంది, ఇచ్చిన గది రెండో అంతస్తులో. కింద గది ఇవ్వమని ఎంత అడిగినా ఖాళీ లేదన్నారు. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకానే. పైగా అక్కణ్ణుంచి టీటీకే రోడ్డు సభలకి వెళ్లి రావడానికి ఆటోలకే రోజుకి 600, 700 అయ్యేలా ఉంది. అందుకని రెండో రోజు పొద్దున్నే ఒక రాత్రి డబ్బు వదులుకుని ఖాళీ చేసి, ఆళ్వార్‌పేట వైపు ఒక సందులో సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. రోజుకి 2,800. కింది అంతస్తు, చిన్న వంటగది, అమ్మ మందులకి ఫ్రిజ్, పది నిమిషాలు నిదానంగా నడిస్తే నారద గాన సభ. అద్దె ఎక్కువే కానీ ఆటో ఖర్చు తగ్గడంతో లెక్క దాదాపు సమానమైంది. అన్నిటికంటే ముఖ్యం, మధ్యాహ్నం ఒక గంట ఇంటికొచ్చి నడుం వాల్చి మళ్లీ సాయంత్రం కచేరీకి వెళ్లగలిగాం. మీరు ఏది తగ్గించుకున్నా సరే, బస మాత్రం మైలాపూర్, ఆళ్వార్‌పేట, రాయపేట ఈ మూడింట్లోనే చూసుకోండి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి లిఫ్ట్ పనిచేస్తోందా అని అడగండి, ఉందా అని మాత్రమే అడిగితే చాలదు.

మ్యూజిక్ అకాడమీలో సాయంత్రం పెద్ద కచేరీ ఒక్కటైనా వినాలని అమ్మ పట్టు. సీజన్ టికెట్లు ఎప్పుడో అయిపోయాయి, రోజువారీ టికెట్ల కోసం పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడితే బాల్కనీలో రెండు దొరికాయి. హాలు గురించి విన్నదంతా నిజం. గాయకుడు మంద్రంలో గొంతు తగ్గించినా వెనక వరసదాకా వినిపిస్తుంది, కచేరీ టైముకి మొదలై టైముకి ముగుస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1941లో, బాలమురళికి 1978లో, పినాకపాణి గారికి 1983లో, నేదునూరికి 1991లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చిన సంస్థ ఇదే. అమ్మ ఈ తెలుగు విద్వాంసుల పేర్లన్నీ ఒకటొకటిగా చెబుతూ లోపలికి నడిచింది. ఒక్క జాగ్రత్త, ఏసీ చలి విపరీతం. శాలువా తీసుకెళ్లకపోతే రెండో గంటకి కూర్చోలేరు.

కానీ అసలు రుచి సాయంత్రాల్లో లేదు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం, టికెట్ అక్కర్లేదు, నేరుగా వెళ్లి ముందు వరసల్లో కూర్చోవచ్చు. ఆ సమయంలో పాడేది ఇరవై, పాతికేళ్ల పిల్లలు. ఏడాదంతా ఎదురుచూసి సంపాదించుకున్న గంటన్నర వాళ్లకది. ఉన్నదంతా పెట్టేస్తారు. మేం విన్న ఒక అమ్మాయి తోడి రాగంలో త్యాగరాజ కీర్తన తీసుకుని ఇరవై నిమిషాలకి పైగా ఆలాపన చేసింది, హాల్లో మొత్తం నలభై మందిమి కూడా లేం. నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం) కోసం ఎంచుకున్న పాదాన్ని ఎక్కడ విరవాలో అక్కడే విరిచింది, అర్థం చెడలేదు. ఆ అమ్మాయిది తెలుగు కాదు, తర్వాత బయట కలిసి అడిగితే, గురువుగారు ప్రతి మాటకీ అర్థం చెప్పాకే పాడనిస్తారని అంది. అదే మరునాడు వేరేచోట ఒక గాయకుడు ‘దయ రాదు’ అన్న మాటని మధ్యలో విరిచి ‘దయ రా, దయ రా’ అని నాలుగైదుసార్లు తిప్పాడు. రాలేదని బాధపడుతున్న మాట కాస్తా రమ్మని పిలుస్తున్నట్టు మారిపోయింది. గొంతు ఎంత గొప్పదైనా అమ్మ ఇక ఆ పాట వినలేకపోయింది.

ఆ తోడి కచేరీలోనే మా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. డెబ్భై అయిదు దాటి ఉంటాయి, తొమ్మిది గజాల చీర, ఒళ్లో అట్టలు ఊడిపోయిన పాటల పుస్తకం. అందరూ ఆవిణ్ణి మామీ అంటున్నారు, అమ్మ మాత్రం అక్కయ్యగారూ అని పిలిచింది. ఆవిడకి తెలుగు మాట్లాడటం రాదు, మాకు తమిళం అంతంత మాత్రం, అయినా ఇద్దరూ ఎలాగో మాట్లాడేసుకున్నారు. ఆ పుస్తకం తీసి చూపించారు. అన్నీ తెలుగు కీర్తనలే, తమిళ లిపిలో. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం కదా, అందుకని అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి ఉన్నాయి. ఆ అంకె లేకపోతే ‘పాద’ అని రాసినా ‘బాధ’ అని రాసినా అక్కడ కనిపించేది ఒకటే. నలభై ఏళ్లుగా ఆ అంకెలు చూసుకుని ఒక్క ఒత్తు తప్పకుండా పాడుతున్నారట. ఒక చరణం మీద వేలు పెట్టి, దీని అర్థం ఏమిటని అమ్మని అడిగారు. అమ్మ చెప్పింది. ఇంకోటి అడిగారు. తర్వాత కచేరీ మొదలయ్యేదాకా ఇద్దరూ ఆ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మనకి పుట్టుకతో వచ్చిన భాషని ఒకావిడ అంత శ్రద్ధగా అంకెలు పెట్టుకుని కాపాడుకుంటున్నారని చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు. మా పిల్లలకి చరణం వినిపిస్తే ఏ భాష అని అడుగుతారు.

చిన్న హాళ్లలో లజ్ అవెన్యూలోని రాగసుధ మాకు అన్నిటికంటే నచ్చింది. కళాకారుల ముఖంలో కదలికలు కనిపించేంత దగ్గర, మృదంగం మీద వేళ్ల ఒత్తిడి తేడా కూడా తెలుస్తుంది. పేరు చెప్పను కానీ ఒక పెద్ద సభలో మైకు మోత భరించలేకపోయాం, వయొలిన్ గీపెట్టినట్టు వినిపించింది, తగ్గించమని ఇద్దరు ముగ్గురు చెప్పినా పట్టించుకోలేదు. ఇంకో సంగతి నన్ను బాగా బాధపెట్టింది. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీన్‌కి వెళ్లిపోతుంది. రెండు గంటలు గాయకుణ్ణి మోసినవాడికి తనకంటూ దొరికేది ఆ పది, పదిహేను నిమిషాలే. మీరు వెళ్తే దయచేసి కూర్చోండి. ఘటం, మృదంగం ఒకరినొకరు పలకరించుకుంటూ చివరికి కోర్వై అనే ముగింపు లయ దగ్గర కలిసే ఆ క్షణం కోసమైనా.

క్యాంటీన్లు నిజంగానే పేరుకి తగ్గట్టున్నాయి. ఒక్కో సభలో ఒక్కో వంటవాళ్లు పెడతారు, కచేరీ వినకపోయినా కేవలం తినడానికి వచ్చేవాళ్లు చాలామంది. మధ్యాహ్నం అరిటాకు భోజనం మాకు 450 పడింది, కూటు, వత్తకుళంబు, రసం, పాయసం, అన్నీ అడిగి అడిగి వడ్డించారు. అయితే పన్నెండున్నర దాటితే ముప్పావుగంట నిలబడాలి, పెద్దవాళ్లకి కుర్చీ వేసే ఏర్పాటు ఎక్కడా కనబడలేదు. అందుకని మేం పదకొండున్నరకే వెళ్లేవాళ్లం. సాయంత్రం అడై అవియల్, ఫిల్టర్ కాఫీ. కాఫీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, రోజుకి నాలుగు తాగాం.

ఒక సాయంత్రం తిరువాన్మియూరులో కళాక్షేత్రానికి వెళ్లాం. రుక్మిణీదేవి అరండేల్ 1936లో మొదలుపెట్టిన నాట్య సంస్థ. చెట్ల మధ్య నడిచి వెళ్తే కేరళ గుళ్లలోని నాట్యశాల, కూత్తంబలం, పద్ధతిలో కట్టిన రంగస్థలం వస్తుంది, ఆ పైకప్పు కింద కూర్చోవడమే ఒక అనుభవం. లోపల నడక కాస్త ఎక్కువ, చీకటి పడ్డాక దారిలో వెలుతురు తక్కువ, అమ్మ చెయ్యి పట్టుకునే నడిపించాను. కూచిపూడి ప్రదర్శన చూడాలనుకున్నాం, మేమున్న రోజుల్లో కుదరలేదు. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన ఊళ్లో అది చూడకుండా రావడం లోటుగానే ఉంది.

టీ నగర్‌లో ఉన్న మొదటి సాయంత్రమే జీఎన్ చెట్టి రోడ్డులో వాణీమహల్‌కి కూడా వెళ్లాం. మన చిత్తూరు నాగయ్య గారు పూనుకుని కట్టించిన హాలు అది. అన్నట్టు టీ నగర్ అంటే త్యాగరాయనగర్, అది వాగ్గేయకారుడు త్యాగరాజు పేరనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను, కానీ అది జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు. పక్కనే ఉన్న పానగల్ పార్కు పానగల్లు రాజా పేరు. ఆ ఊళ్లో ఏ వీధిలో నడిచినా ఒక తెలుగు పేరు ఎదురవుతూనే ఉంటుంది.

పొద్దున్నే ఐదున్నరకి మైలాపూర్ కపాలీశ్వరాలయం మాడవీధుల్లోకి వెళ్లడం మాత్రం మానకండి. దీనికి టికెట్టూ లేదు, ఏర్పాటూ లేదు. భజన బృందాలు తిరుప్పావై పాడుకుంటూ గుడి చుట్టూ తిరుగుతాయి, ప్రతి గడప ముందూ తడి ముగ్గు. ఒకరోజు అమ్మ వాళ్ల వెనకే సగం వీధి నడిచింది, మోకాళ్ల సంగతి గుర్తు రానట్టే. తర్వాత అక్కడే చిన్న హోటల్లో ఇడ్లీ, పొంగల్ తిని ఎనిమిదింటి ప్రసంగానికి వెళ్లాం. ఆ ప్రసంగాలు కూడా ఉచితమే, ఒక రాగం పుట్టుపూర్వోత్తరాల గురించి గంటసేపు చెబితే నాకు సగమే అర్థమైంది, అమ్మ నోట్‌బుక్కు తెచ్చుకుని రాసుకుంది.

తిరగడం గురించి కొంచెం. సెంట్రల్ నుంచి మెట్రోలో ఏజీ-డీఎంఎస్ దాకా వచ్చి అక్కడ ఆటో పట్టుకోవడం తేలిక, సామాను తక్కువుంటే అదే మేలు. మేం వెళ్లినప్పుడు లజ్ చుట్టుపక్కల మెట్రో కొత్త లైను పనులకి రోడ్లు తవ్వి ఉన్నాయి, రెండు కిలోమీటర్లకి అరగంట పట్టిన రోజుంది. రాత్రి తొమ్మిదికి కచేరీలన్నీ ఒకేసారి వదులుతారు, అప్పుడు యాప్‌లో ఆటో బుక్ చేస్తే ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేశారు, ఒకసారి నలభై నిమిషాలు చినుకుల్లో నిలబడ్డాం, అమ్మ కోసం చాలా టెన్షన్ పడ్డాను. ఆ తర్వాత నడిచి రాలేని చోట చివరి మంగళం దాకా ఉండకుండా పది నిమిషాలు ముందే లేచాం. అలా లేవడం నాకిష్టం లేదు, కానీ పెద్దవాళ్లతో వేరే దారి లేదు. డిసెంబరు చివర్లో కూడా వాన పడొచ్చు, గొడుగు తప్పనిసరి. చాలా పాత హాళ్లలో బాత్‌రూములు మెట్లు దిగి వెళ్లాలి, కూర్చునే ముందే ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

ఐదు రోజులకి ఇద్దరికీ కలిపి, రైలు చార్జీలు కూడా వేసుకుంటే 29 వేల చిల్లర అయింది. కచేరీ టికెట్లకి పెట్టింది అందులో 3 వేలు లోపే. మేం విన్న పదకొండు కచేరీల్లో ఏడు ఉచితం.

వచ్చే డిసెంబరుకి ఆ కింది అంతస్తు గదినే అడిగి పెట్టి వచ్చాను. బయల్దేరే రోజు అక్కయ్యగారు మనవడి చేత పుస్తకంలోని పేజీలన్నీ ఫోటోలు తీయించి అమ్మ ఫోనుకి పంపారు. అమ్మ రోజుకొక కీర్తన తీసుకుని అర్థం చెబుతూ రికార్డు చేస్తోంది, అక్కడ ఆవిడ కోడలు, తెలుగు పిల్లేనట, తమిళంలోకి చెబుతోంది. నిన్నటితో పద్నాలుగు అయ్యాయి.