సెకండ్‌హ్యాండ్ రేంజ్‌ఫైండర్‌తో ఒక ప్రయాణం

డిజిటల్ రేంజ్‌ఫైండర్ (లెన్సు గుండా కాకుండా వేరే కిటికీలోంచి చూస్తూ, రెండు బింబాలను కలిపి ఫోకస్ చేసే కెమెరా) కొనాలనుకునేవారికి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1 వీటిలో మొదటిది. ఆ తరువాత 2006లో లైకా ఎం8, 2009లో 35 ఎంఎం ఫిల్ము ఫ్రేమంత పూర్తి సైజు సెన్సర్‌తో ఎం9 వచ్చాయి. కొత్త మోడళ్ల ధర నాకు అందనిది కాబట్టి పాత ఎం9 ఒకటి కొని, కాస్త వెడల్పైన దృశ్యం పట్టే 35 ఎంఎం లెన్సు ఒక్కటే బిగించుకుని ప్రయాణానికి బయలుదేరాను.

నేరుగా వ్యక్తుల దగ్గర కొంటే డబ్బు కొంత కలిసొస్తుంది గాని, కొన్నాళ్ల లోపు వెనక్కి ఇచ్చే వీలున్న దుకాణమే నాకు నయమనిపించింది, ఎందుకంటే ఇందులోని లోపాలు కౌంటరు దగ్గర నిలబడి చూస్తే బయటపడేవి కావు. ఎం9 సెన్సర్ మీది గాజు పొర కాలం గడిచేకొద్దీ దెబ్బతినవచ్చునన్నది అందరూ ఎరిగినదే. ఎపర్చర్‌ను (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) బాగా చిన్నదైన ఎఫ్/16కు మూసి తెల్ల గోడను ఫోటో తీసి, పూర్తి సైజులో పరిశీలిస్తే ఆ మచ్చలు కనిపిస్తాయి. దుమ్మయితే ఊదితే పోతుంది, ఇవి పోవు. నాకు దొరికినదానికి సెన్సర్ మార్చినట్టు సర్వీసు కాగితం ఉంది. అది లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకునేవాణ్ని కాను.

అంతకన్నా ముఖ్యమైనది రేంజ్‌ఫైండర్ సర్దుబాటు. వ్యూఫైండర్ మధ్యనున్న చిన్న చతురస్రంలో రెండో బింబం ఒకటి కనబడుతుంది. ఫోకస్ రింగు తిప్పుతుంటే అది పక్కకు జరుగుతూ వచ్చి అసలు బింబం మీద సరిగ్గా కూర్చోవాలి. లెన్సు ఫోకస్‌ను అనంతానికి, అంటే అతి దూరానికి, తిప్పినప్పుడు దూరాన ఉన్న టవరు అంచు ఒకే గీతగా కలవకపోయినా, రెండు బింబాల్లో ఒకటి కాస్త పైకి లేచినట్టున్నా, మెకానిక్ చేతికి ఇవ్వక తప్పదు. ఈ పని తెలిసినవారు అరుదు గనుక, పార్సెల్ ఖర్చు, వారాల నిరీక్షణ కూడా ధరలో కలుపుకుని బేరమాడడం మంచిది.

ఇరుకు వీధుల్లో ఈ కెమెరాకు సాటి లేదు. ఎఫ్/8 పెట్టి 3 మీటర్లకు ఫోకస్ చేసి ఉంచితే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది, ఇక రింగు ముట్టుకోనక్కరలేదు. వ్యూఫైండర్‌లో ఫోటో హద్దులను చూపే ఫ్రేము గీతల బయట ఉన్నది కూడా కనబడుతుంది కాబట్టి, సైకిలు మీద వస్తున్న మనిషి ఫ్రేములోకి అడుగుపెట్టే క్షణాన్ని ముందే పసిగట్టవచ్చు. (లెన్సు మూత తీయకపోయినా వ్యూఫైండర్‌లో లోకం నిక్షేపంగా కనిపిస్తుందన్నది వేరే సంగతి.)

బస చేసిన గదిలో, మసక దీపాల కింద మాత్రం దీని వయసు తెలిసిపోయింది. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 2500 దాటదు. అంతవరకు వెళ్లకముందే నీడల్లో గరుకుదనం మొదలవుతుంది. 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఫోకస్ కుదరదు గనుక బల్ల మీది పళ్లెం ఫోటోలకు ఫోనే దిక్కయింది. కొండ మీది గోపురం 35 ఎంఎంలో వేలెడంతే వచ్చింది. బ్యాటరీ, కార్డు రెండూ అడుగు పలక తీస్తేనే అందుతాయి. కదిలే బస్సులో ఆ పలకను ఒళ్లో పెట్టుకుని, కెమెరాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని బ్యాటరీ మార్చడం కన్నా, స్టాపు వచ్చేదాకా ఆగడమే మేలు.