జింకల వేటకి ట్రీ శాడిల్ ఐదు సీజన్లు వాడాక, అది కూడా పబ్లిక్ లాండ్ లో

ముందే చెప్తున్నా, ఇది సుఖం కోసం కొనే వస్తువు కాదు. వీడియోల్లో ఊయల్లో కూర్చున్నట్టు చూపిస్తారు గానీ మొదటి సీజన్ అంతా నాకు తుంట్లు పట్టేసి, ఇంటికొచ్చాక మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది, మా ఆవిడైతే అసలు అడవిలో ఎవరు ఎవర్ని వేటాడుతున్నారో అర్థం కావట్లేదు అనేది. అయినా 2020 నుంచి అదే వాడుతున్నా.

తెలియని వాళ్ళకి: నడుముకీ తొడలకీ పట్టీలు కట్టుకుని, తల ఎత్తులో చెట్టు చుట్టూ టెథర్ అనే తాడు వేసి, దానికి ఆనుకుని వేలాడ్డమే, కాళ్ళ కింద చిన్న ప్లాట్‌ఫామ్ ఉంటుంది. ఎక్కడానికి నాలుగు స్టిక్స్, అంటే చెట్టుకి కట్టే చిన్న నిచ్చెన ముక్కలు. మొత్తం కలిపి నాది పదిహేను పౌండ్ల లోపే. దీనికి ముందు ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్న క్లైంబర్ స్టాండ్ (చెట్టుని పట్టుకుని పైకి జరుపుకుంటూ ఎక్కే సీటు) వాడా, అదొక్కటే ఇరవై పౌండ్లు పైన, పైగా దానికి కొమ్మల్లేకుండా కరెంటు స్తంభంలా ఉన్న చెట్టే కావాలి. అలాంటి చెట్టు దొరికిందని సంబరపడి దగ్గరికెళ్తే బెరడు మీద అప్పటికే ఇంకొకడి స్టాండ్ గీతలు ఉంటాయి.

మేం ఉండేది మిచిగన్ లో, నోవై దగ్గర. నేను ఎక్కువగా వెళ్ళేది పింక్నీ రిక్రియేషన్ ఏరియా అనే ప్రభుత్వ అడవికి, సుమారు 11 వేల ఎకరాలు. బో సీజన్, అంటే విల్లుతో వేటాడే కాలం, అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 వరకు, 15న తుపాకీల వాళ్ళు దిగుతారు, డిసెంబర్ 1 నుంచి మళ్ళీ మనకి. అదే అడవిలో పొటవాటమీ ట్రయిల్ మీద సైకిళ్ళు పోతుంటాయి, కుక్కల్ని తిప్పేవాళ్ళు, ఉడతల వేటకొచ్చేవాళ్ళు, అందరూ ఉంటారు. మనం చెట్టెక్కి కూర్చున్నాం కదా అని వాళ్ళమీద విసుక్కుంటే కుదరదు, అందరి జాగా.

శాడిల్ అసలు విలువ నాకు తెలిసింది రెండో సీజన్ లో, నవంబర్ మొదటి వారం, మగ జింకలు ఆడవాటి వెనక పడే టైమ్. ఒక బురదనేల అంచున రెండు స్క్రేప్స్ (మగ జింకలు గిట్టలతో నేల గీకిన గుర్తులు) చూసి పెట్టుకున్నా. తెల్లవారుజామున ఐదుంబావుకి వెళ్తే పార్కింగ్ లో ఒక ట్రక్ ఉంది. అనుమానంగానే నడిచా. సరిగ్గా నేననుకున్న చోటే పైనుంచి ఎర్ర లైటు రెండుసార్లు వెలిగి ఆరింది, అప్పటికే ఒక పెద్దాయన చెట్టెక్కి కూర్చున్నాడు. క్లైంబర్ రోజుల్లో అయితే, అంత బరువు మోసుకొచ్చాక వెనక్కెళ్ళే ఓపిక లేక అరవై గజాల్లోనే ఇంకో చెట్టెక్కేసేవాణ్ణి, ఒకసారి ఎక్కాను కూడా, ఆరోజు ఆ పక్క చెట్టు దిగి కింద నడిచొచ్చిన అతను నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఈసారి లైటు నేల మీదకి తిప్పి, చెయ్యి ఊపి వెనక్కి తిరిగా. గాలి చూసుకుని, నా వాసన ఆయన వైపు పోకుండా చుట్టూ తిరిగి, బురదకి అవతల మూడొందల గజాల దూరంలో ఒక వంకర చెర్రీ చెట్టెక్కా. ఆ చెట్టుకి ఏ క్లైంబరూ ఎక్కదు. పావుగంట పట్టింది అంతే.

తొమ్మిదింటికి ఒక ఆడ జింక, వెనకే ముక్కు నేలకి ఆనించుకుంటూ కొమ్ములకి ఎనిమిది మొనలున్న మగది, పద్దెనిమిది గజాలు. బాణం దూసుకెళ్ళింది, జింక మాత్రం నేరుగా ఆ పెద్దాయన వైపే పరిగెత్తింది. దిగి వెంటనే వెతకాలనిపిస్తుంది కానీ ఆయన పొద్దు పాడుచేయడం ఇష్టం లేక పదిన్నరకి ఆయన దిగేదాకా ఆగా, ఎలాగూ కనీసం అరగంట ఆగాల్సిందే. బీచ్ ఆకుల మీద గులాబీ రంగు నురగ రక్తం, అంటే ఊపిరితిత్తులు తగిలినట్టు. ఎటు పోయిందో ఆయనే వేలు పెట్టి చూపించి, ఒక కొమ్ము పట్టుకుని లాగడానికి కూడా వచ్చాడు. పేగులు మాత్రం ట్రయిల్ కి దూరంగా తీసుకెళ్ళి తీశాం, సైకిల్ మీదొచ్చే పిల్లలు చూడక్కర్లేదు కదా. మన ఊళ్ళో వేటమాంసం అంటే మేకే, ఇన్నాళ్ళకి నిజం వేటమాంసం కుక్కర్లో పడింది.

ఇంకొకటి, స్టాండ్ మీద పేరు రాసి కట్టి వదిలేసినంత మాత్రాన ఆ చోటు వాడి సొంతం కాదని ఇక్కడి రూల్స్ లోనే ఉంది. ఖాళీ స్టాండ్ కనిపిస్తే నేను అందులో ఎక్కను, పట్టీలు ఎన్నేళ్ళవో తెలీదు, అలాగని దాన్ని చూసి అక్కడినుంచి పోను కూడా. మనిషుంటే మాత్రం పోతా. శాడిల్ వాళ్ళకి ఈ గొడవే లేదు, సాయంత్రం అంతా విప్పుకుని బ్యాగ్ లో వేసుకుని వచ్చేస్తాం, దొంగలెత్తుకుపోవడానికి చెట్టు మీద ఏం మిగలదు.

ఇక లోపాలు. చలికి నా మొదటి ప్లాట్‌ఫామ్ కిర్రుమనేది, కంపెనీకి మెయిల్ చేస్తే జవాబు లేదు, చివరికి వేరేది కొన్నా. స్టిక్స్ ఒకదానికొకటి తగిలితే గంట కొట్టినట్టే, మొత్తం గుడ్డ టేపు చుట్టా. తాడు తడిసి గడ్డకడితే, టెథర్ పొడవు సర్దుకునే ప్రూసిక్ ముడి చేతి తొడుగులతో జరగదు, బదులు అదే పని చేసే అసెండర్ అనే చిన్న క్లిప్పు పెట్టుకున్నా. కుడిచేతి వాటం వాళ్ళకి కుడిపక్క నుంచి జింక వస్తే నరకం, ఒళ్ళంతా తిప్పాలి, 2022 లో ఒక మంచి ఆడ జింక అలాగే పోయింది. మోకాళ్ళకి ప్యాడ్ లేకుండా అసలు మొదలుపెట్టకండి.

స్టిక్స్ సెకండ్ హ్యాండ్ లో తీసుకోవచ్చు. శాడిల్, తాళ్ళు వద్దు, అవి ఎంత ఎండలో పడున్నాయో ఎవడికి తెలుసు. నేను ఈ వేసవిలో మూడో టెథర్ మార్చా. ముందు పెరట్లో రెండడుగుల ఎత్తులో నెల రోజులు ప్రాక్టీస్ చేయండి, పక్కింటి వాళ్ళకి మాత్రం ముందే చెప్పుకోండి, నా దగ్గరికి ఒకాయన కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.