ఇన్‌స్క్రిప్షన్, డ్రెడ్జ్: ముందుగా ఏది ఆడాలి?

భయమూ నిగూఢతా నిండిన ఇండీ వీడియో గేముల్లో (పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న బృందాలు చేసేవాటిలో), అందునా రెండు మూడు రకాల ఆటలను ఒకటిగా కలిపినవాటిలో, మొదట దేనిని పట్టుకోవాలని మిత్రులు తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్న చివరికి వచ్చి ఆగేది రెండు పేర్ల దగ్గరే: డేనియల్ మలిన్స్ రూపొందించగా 2021 అక్టోబరులో వచ్చిన ఇన్‌స్క్రిప్షన్, న్యూజీలాండ్‌కు చెందిన బ్లాక్ సాల్ట్ గేమ్స్ రూపొందించగా 2023 మార్చిలో వచ్చిన డ్రెడ్జ్. ఈ మధ్య రెండింటినీ వరుసగా మరోసారి ముగించాను. బొమ్మలు, సంగీతం, కథ వంటి విషయాల్లో ఒకదానిని తక్కువ చేయడం కష్టం. నా దృష్టిలో తేల్చవలసిన అంశం వేరే ఉంది. కలిపిన ఆటలు ఒకదానికొకటి బలమిస్తున్నాయా, లేక పక్కపక్కన ఉండి ఊరుకుంటున్నాయా అన్నదే అది.

డ్రెడ్జ్‌లో చేపల వేట, సరుకు సర్దుబాటు, భయం కలుస్తాయి. పడిన ప్రతి చేపకూ ఒక ఆకారం ఉంటుంది. దానిని అటూ ఇటూ తిప్పి పడవలోని గళ్లలో ఇమిడ్చుకోవాలి. పడవ కదులుతున్నప్పుడో, మనం వేటలో ఉన్నప్పుడో మాత్రమే కాలం నడుస్తుంది కనుక, ఇంకొక్క చేప కోసం ఆగడమంటే తెలిసి తెలిసి చీకట్లోకి వెళ్లడమే. రాత్రి ముదిరేకొద్దీ మన భయాన్ని సూచించేందుకు తెర పైభాగాన ఉన్న కన్ను బెదురుతుంది, పగటిపూట కనబడని బండరాళ్లు దారిలో మొలుస్తాయి, ఒక రాయి తగిలితే ఆ గడిలోని సరుకు నీటిపాలవుతుంది. మొదటి కొన్ని గంటలు ఈ అల్లిక అద్భుతంగా పనిచేస్తుంది. అయితే చేపలు అమ్మిన డబ్బుతో వేగమైన ఇంజిన్లు, బలమైన దీపాలు చేరాక, తరిమే వాటిని దాటి దూసుకుపోవడం అలవాటవుతుంది. వేటలో ఎదిగేకొద్దీ భయం పలచబడుతుంది. ఒక ఆట రెండోదానిని తినేస్తుంది.

ఇన్‌స్క్రిప్షన్ మొదటి భాగంలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చీకటి గుడిసెలో, బల్లకు అవతల కళ్లు మాత్రమే కనబడే వ్యక్తితో కార్డులాడతాం. బలమైన జంతువును దించాలంటే బల్లమీద ఉన్న మరో జంతువును బలివ్వాలి, అందుకోసమే ఉడుతలున్నాయి. స్టోట్ (ముంగిసలాంటి చిన్న జంతువు) అనే కార్డు మనతో మాట్లాడుతుంది, కాబట్టి దానిని బలికి ఎంచుకున్నప్పుడు అది లెక్కలా అనిపించదు. గెలుపోటములను తక్కెడ తేలుస్తుంది: ఐదు పాయింట్ల తేడాతో అటు మొగ్గితే గెలుపు. ఆ తూకానికి ఒక్క పాయింటు తక్కువైనప్పుడు, పట్టకారుతో మన పన్నే పీకి పళ్లెంలో వేయవచ్చు. ఓడిపోయినవారి ఫోటో తీసి కార్డుగా మారుస్తారు. దాని బలాన్నీ పేరునూ మనమే ఎంచుకుంటాం, తరువాతి ప్రయత్నాల్లో అది మన చేతికే రావచ్చు. బల్ల దగ్గరనుంచి లేచి గదిలోని చిక్కుముడులు విప్పితే దొరికే కార్డులు కూడా మన డెక్‌లోనే (ఆడే కార్డుల కట్టలోనే) చేరతాయి. ఇక్కడ నియమాన్ని బాగా నేర్చుకున్నకొద్దీ మన చేతులకంటిన నెత్తురు మనకే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

లోపం లేదనను. రెండో భాగంలో రూపురేఖలు పూర్తిగా మారి, గుడిసెలోని ఉక్కిరిబిక్కిరి చాలావరకు సడలుతుంది. అక్కడ ఆట వదిలేసినవారిని నేను తప్పుపట్టను. అయినా ఆ మార్పు కథ కోరినదే కాబట్టి, డ్రెడ్జ్‌లో నెమ్మదిగా జరిగే క్షయం కంటే దానినే నేను సులభంగా క్షమించగలిగాను.

అదే 2021లో వచ్చిన లూప్ హీరో అనే ఆటను కూడా కొందరు ఈ వరుసలో చేరుస్తారు. బాగుంటుంది, కానీ దాని ఆకర్షణ వాతావరణంలో కంటే అమరికలో ఎక్కువ.

కార్డు ఆటలంటే బొత్తిగా ఓపిక లేనివారు డ్రెడ్జ్‌తోనే మొదలుపెట్టాలి; తొలి రాత్రులే దానికి చాలినంత కారణం. మిగిలినవారికి నా మాట ఇన్‌స్క్రిప్షన్. రెండో భాగం గురించి ముందే ఏమీ చదవకండి, వీడియోలు చూడకండి. లేవడానికి వీలు దొరికిన మొదటి క్షణమే బల్ల విడిచి ఆ గది నాలుగు మూలలూ తడిమి చూడండి.