తుపాకీ తన్నుకి రబ్బరు తొడుగు: 12 బోర్ స్లిప్-ఆన్ ప్యాడ్ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

విశాఖలో డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో బ్యాంకు గేటు దగ్గర గార్డు గారి చేతిలో కనిపించేది ఎక్కువగా 12 బోర్ తుపాకీయే, అంటే గుళ్లు పేల్చే షాట్‌గన్. భుజానికి ఆనే వెనక భాగం, అంటే బట్, దాని చివర నల్లటి ప్లాస్టిక్ బిళ్ల, దానికి రెండు మరలు. మెత్తదనం అన్నమాటే ఉండదు. ఆ బిళ్ల మీద సాక్సులా తొడిగే రబ్బరు ప్యాడ్ గురించే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తే, వస్తువు మంచిదే. కాకపోతే చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు అంగుళం మందం ప్యాడ్ తొడిగితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

రైఫిల్ అనగానే జడిసి, షాట్‌గన్‌ని తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది. లెక్క వేసి చూడండి. గాల్లోకి ఎగరేసే బిళ్లల్ని కొట్టే పోటీని ట్రాప్ అంటారు. దానికి వాడే 3.5 కిలోల ట్రాప్ గన్‌లో 24 గ్రాముల గుళ్లున్న తూటా పేలి, గుళ్లు సెకనుకి 400 మీటర్ల వేగంతో వెళ్తే, తుపాకీ సుమారు 19 జౌళ్ల శక్తితో వెనక్కి వస్తుంది. ఒలింపిక్ ట్రాప్ పోటీల్లో వాడేది ఈ 24 గ్రాముల తూటానే. అదే 32 గ్రాముల తూటాని ఒకే గొట్టమున్న 2.8 కిలోల సింగిల్ బ్యారెల్‌లో పేల్చితే లెక్క 40 జౌళ్లకి చేరుతుంది. 180 గ్రెయిన్ల (సుమారు 11.7 గ్రాముల) బుల్లెట్ వేసే .30-06 రైఫిల్, బరువు 3.6 కిలోలైతే, 27 దగ్గర ఆగిపోతుంది. పెద్ద జంతువుల వేటకి తయారుచేసిన .375 హెచ్ అండ్ హెచ్ 50 దాటుతుంది, .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ 80 దాకా పోతుంది. అంటే తేలికపాటి సింగిల్ బ్యారెల్ పట్టుకున్న గార్డు గారి భుజం ఆ .30-06 రైఫిల్ వాడేవాడి భుజం కన్నా ఎక్కువే దెబ్బ తింటోంది. తుపాకీ తేలిగ్గా ఉంటే మొయ్యడానికి సుఖం, పేల్చడానికి నరకం.

ప్యాడ్ ఈ శక్తిని తగ్గించదు. దెబ్బ పడే సమయాన్ని కాస్త సాగదీస్తుంది, గట్టి బిళ్ల అంచు గుచ్చుకోకుండా వెడల్పుగా పరుస్తుంది. చెంప మీద పడే దెబ్బనీ, గొట్టం పైకి లేవడాన్నీ ఇది పట్టించుకోదు. అవి తగ్గాలంటే తుపాకీ ఒంటికి కుదరాలి.

తేడా వచ్చేది పొడవు దగ్గరే. ట్రిగ్గర్ నుంచి బట్ మధ్య దాకా ఉండే కొలత మామూలుగా 14 నుంచి 14½ అంగుళాలు. డబుల్ బ్యారెల్‌కైతే ముందు ట్రిగ్గర్ నుంచి కొలవాలి. మన వైపు అయిదడుగుల నాలుగైదు అంగుళాల మనిషికి ఇదే కొంచెం ఎక్కువ. దాని మీద ఇంకో అంగుళం రబ్బరు పడితే బట్ చంకలో ఇరుక్కుంటుంది, లేదా భుజం గుంటలోకి రాకుండా జబ్బ మీదికి జారుతుంది. అప్పుడు తన్ను కండ మీద పడి, మర్నాటికి నల్లగా కమిలిపోతుంది. ప్యాడ్ కొన్నాక నొప్పి పెరిగిందనేవాళ్ల సంగతి చాలావరకు ఇదే.

తొడిగాక చూసుకునే పద్ధతి ఒకటుంది. తుపాకీ తెరిచి, గొట్టాలు రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, గొట్టం మనుషులు లేని వైపు పెట్టండి. కళ్లు మూసుకుని పదిసార్లు భుజానికెత్తండి. కళ్లు తెరిచాక బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ఒక వేలే పడితే పొట్టి, బొటనవేలు ముక్కుని గుద్దుతుంది. నాలుగు వేళ్లు పడితే పొడుగు. మోచేయి మడిచి, ఆ మడతలో బట్ ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి అందుతుందా అని చూసే పాత పద్ధతిని నమ్ముకోకండి, దానికి మెడ పొడవూ ఛాతీ వెడల్పూ తెలియవు.

కొనేముందు దర్జీ టేపుతో బట్ చివర చుట్టుకొలత ఒకటి, అక్కడి నుంచి రెండు అంగుళాలు ముందు మరొకటి తీసుకోండి. వదులు సైజు కొంటే ముప్పై నలభై రౌండ్లకి వెనక్కి జారి, పక్కకి తిరిగిపోతుంది. తొడిగేటప్పుడు ప్యాడ్‌ని గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, పూర్తిగా తుడిచి, లోపల కాస్త టాల్కం పౌడరు చల్లాలి. ముందు బట్ కింది కొన దూర్చి, తర్వాత పై కొన మీదికి లాగాలి. జారడానికని కొబ్బరినూనె మాత్రం రాయకండి. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి వదులైపోతుంది.

తోలుతో కుట్టి, లోపల స్పాంజి పెట్టి, తాళ్లు బిగించే రకం కూడా ఉంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, చొక్కాకి అంటుకోదు, తాళ్లు లాగి సైజు సరిచేసుకోవచ్చు. విశాఖ ఉక్కపోతలో దానికి బూజు పట్టకుండా చూసుకోవడం వేరే ఉద్యోగం. హవాయి చెప్పు ముక్క కోసి గమ్‌తో అంటించే ఉపాయం మొదటి నాలుగు రౌండ్లకి బాగానే ఉంటుంది. ఆ తర్వాత ముక్క అణిగిపోయి అట్టలా తయారవుతుంది. చొక్కా లోపల తువ్వాలు మడత పెట్టుకుంటే, అది జారినప్పుడల్లా బట్ కొత్త చోట తగులుతుంది.

రబ్బరు రకంలో పెద్ద లోపం, చెమట చొక్కాకి అంటుకోవడం. మే నెలలో భుజానికెత్తుతుంటే ప్యాడ్ పై కొన గుడ్డకి పట్టేసి చంక దగ్గరే ఆగిపోతుంది. పై అంచు మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు రెండు అంగుళాలు అతికిస్తే నున్నగా జారుతుంది. యూనిఫాం వేసుకునేవాళ్లు భుజం పట్టీ బొత్తాన్నీ, విజిల్ తాడునీ కూడా చూసుకోవాలి. బట్ ఆ బొత్తం మీద కూర్చుందంటే ఎంత ఖరీదైన ప్యాడైనా బొత్తాన్ని కండలోకి దింపేస్తుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. జబ్బ కండ మీద మచ్చ పడితే బట్ బయటికి పెట్టినట్టు, లేదా స్టాక్ (బట్‌తో సహా చెంపా భుజమూ ఆనే కర్ర) పొడుగైనట్టు. మెడ కింది ఎముక (కాలర్ బోన్) నొప్పి పెడితే మరీ లోపలికి పెట్టినట్టు. చెంప వాస్తే తల స్టాక్‌కి గట్టిగా ఆనించకుండా పైకెత్తి పేల్చినట్టు. మధ్యవేలు కమిలితే పట్టు వదులై ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు) వెనక భాగం వచ్చి కొట్టినట్టు. కింది కొన ఛాతీలోకి గుచ్చుకుంటే బట్ కోణం తప్పు, దాన్ని ప్యాడ్ సరిచేయలేదు.

నిలబడే తీరు కూడా ప్యాడంత ముఖ్యమే. కుడిచేతి వాటమైతే ఎడమ కాలు ముందుకి, బరువు కాస్త ఎక్కువగా దాని మీదే. ముందు చెంప ఆనాలి, ఆ వెంటనే బట్ భుజం గుంటలో గట్టిగా దిగాలి. కొత్తవాళ్లు భయంతో వెనక్కి వాలతారు, తన్ను వాళ్లని ఇంకో అడుగు వెనక్కి నెడుతుంది. రెండు ట్రిగ్గర్ల తుపాకీని వదులుగా పడితే మరో ప్రమాదం, వేలు ముందు ట్రిగ్గర్ మీంచి జారి వెనకదాన్ని కొడుతుంది, రెండో గొట్టం కూడా పేలిపోతుంది. కొత్తవాళ్ల తుపాకీలో ఒక్క తూటా మాత్రమే పెట్టాలనేది ఇందుకే.

పేలే ముందే కళ్లు మూసేసి గొట్టం కిందికి దించే అలవాటుకి సగం కారణం చప్పుడే. షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ పైన ఉంటుంది. చెవుల్లో ప్లగ్గులు, పైన చెవులు కప్పే మఫ్ పెట్టుకుంటే అదే తుపాకీ మెత్తగా తన్నినట్టు అనిపిస్తుంది. ఆ అలవాటు ఉందో లేదో తేలాలంటే పక్కవాడి చేత చెప్పకుండా మధ్యలో డమ్మీ తూటా పెట్టించండి. టిక్కుమన్నప్పుడు గొట్టం కిందికి వంగిందా, దొరికిపోయినట్టే.

తూటా విషయంలో ఒక హెచ్చరిక. పాత తుపాకుల్లో చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) 65 మిల్లీమీటర్లదే ఉండొచ్చు. అందులో 70 మిల్లీమీటర్ల తూటా దూరుతుంది గానీ, పేలినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటుండదు. ఒత్తిడీ తన్నూ రెండూ పెరుగుతాయి. గొట్టం మీది ముద్ర చూడకుండా పేల్చకండి.

ఇక సముద్రపు గాలి. ప్యాడ్‌ని నెలకొకసారైనా ఊడదీసి లోపల ఆరబెట్టకపోతే, కింద చేరిన తేమకి బట్ మరలు తుప్పు పడతాయి, కర్ర నల్లబారుతుంది. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సివస్తే ప్యాడ్ తీసి ఇంట్లో పెట్టుకోండి. వారాల తరబడి తడి గాలిలో అలాగే ఉంటే చేతికొచ్చేది పచ్చి వాసన కొట్టే బట్. ఎండలో ఆపిన కారులో ప్యాడ్ వదిలేస్తే జిగటవుతుంది. ఏడాదికోసారి బొటనవేలితో నొక్కి వంచి చూడండి. వెంటనే తిరిగి లేవకపోయినా, మడతలో సన్నటి పగుళ్లు కనబడినా దాని పని అయిపోయినట్టే.

ఏడాదికి పది రౌండ్లు పేల్చే గార్డు గారికి ఈ తొడుగు సరిపోతుంది, పొడవు కుదిరితే. ఒక పోటీలో 125 టార్గెట్లు కొట్టాల్సిన ట్రాప్ షూటర్ మాత్రం దీని జోలికి రాకుండా, స్టాక్‌ని ప్యాడ్ మందమంత కోయించి, మరలతో బిగించి, అంచులు అరగదీసి కుదిర్చే రకానికి వెళ్లాలి. పొట్టి చేతుల గార్డుకీ అదే దారి. కానీ ఆ పని తెలిసినవాడైనా సరే, లైసెన్సు లేని వడ్రంగికి తుపాకీ అప్పగించకండి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం రిపేరు చేసేవాడికీ లైసెన్సు ఉండాలి. తుపాకీ ఆనించే వైపు ఛాతీలో పేస్‌మేకర్ ఉన్న రిటైర్డ్ ఉద్యోగులు, ప్యాడ్ ఉన్నా లేకపోయినా, గుండె డాక్టరుని అడిగాకే ప్రాక్టీసుకి వెళ్లండి.